గానుగ నూనె 500 కిలోలు పంపాలి: కొరియరా, లారీ పార్సిలా, రైలా, బండి మాట్లాడుకోవాలా?

అడిగిన విషయం ముందు క్లుప్తంగా చెబుతాను. నరసరావుపేట దగ్గర చెక్క గానుగ నడుపుతున్న ఒక సోదరి వేరుశనగ నూనె, నువ్వుల నూనె తీసి పది రోజులకోసారి హైదరాబాద్‌లో నాలుగు షాపులకు కలిపి 500 కిలోలు, బెంగళూరులో ఒక షాపుకు 150 కిలోలు, చెన్నైకి నాలుగైదు పెట్టెలు పంపుతున్నారు. సగం 15 కిలోల టిన్నులు, సగం అట్టపెట్టెల్లో లీటరు సీసాలు. కొరియర్‌లో పంపితే లాభమంతా కిరాయికే పోతోందట. లారీ పార్సిల్‌లో వేస్తే ప్రతిసారీ ఒకటో రెండో కారిపోయి వస్తున్నాయట. రైలు మంచిదా, యాప్‌లో బండి మాట్లాడుకోవడం మంచిదా అని అడిగారు.

అమ్మా, నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక పార్సిల్ ఆఫీసులో 19 ఏళ్లు బుకింగ్ చూశాను. ఇప్పుడు పచ్చళ్లు, బెల్లం, పొడులు చేసే చిన్నవాళ్ల సరుకు సర్ది పంపించే పని చేస్తున్నాను. మీ ప్రశ్నలో అందరూ చేసే పొరపాటే ఒకటి కనిపించింది. కిలోకి ఎంత తీసుకుంటారు అన్నదొక్కటే చూస్తున్నారు. దానికంటే ముందు అడగాల్సింది, ఈ పెట్టెను మీ గానుగ నుంచి షాపు దాకా ఎన్నిసార్లు ఎత్తి దించుతారు అని. నూనెకు ఇదే అసలు లెక్క.

మీరు బెంగళూరుకు పంపే పెట్టెతోపాటు మనమూ ప్రయాణం చేద్దాం. గానుగ దగ్గర ఆటోలోకి ఎక్కించారు. నరసరావుపేట పార్సిల్ ఆఫీసులో దించారు. సాయంత్రం చిన్న లారీలోకి ఎక్కించారు. గుంటూరులోనో విజయవాడలోనో పెద్ద గోడౌన్‌లో దించారు. రాత్రి బెంగళూరు లారీలోకి ఎక్కించారు. అక్కడి గోడౌన్‌లో దించారు. షాపు ఉన్న ఏరియా బ్రాంచికి వెళ్లే బండిలోకి ఎక్కించి, బ్రాంచిలో దించారు. షాపు వాళ్ల ఆటోలోకి ఎక్కించి, షాపు ముందు దించారు. మొత్తం పది సార్లు. ఆ పదిసార్లూ అది నూనె అని, కింద సీసాలున్నాయని తెలిసిన మనిషే ఎత్తాడని అనుకోవడానికి లేదు.

రాత్రి పదకొండు గంటలప్పుడు గోడౌన్ ఎలా ఉంటుందో చెబితే మీకు బాగా అర్థమవుతుంది. ఒక లారీ దిగుతుంటుంది, పక్కన రెండు లారీలు ఎక్కుతుంటాయి. హమాలీలకు బస్తా లెక్కన కూలి, లారీ టైముకు కదలాలి. మోటార్ల పెట్టె, బట్టల బేలు, పైపుల కట్ట, మీ నూనె పెట్టె అన్నీ ఒకే వరసలో వస్తాయి. అట్టపెట్టె మెత్తగా ఉంటే రెండు అంచులు పట్టుకుని లేపుతారు, అడుగు జారుతుంది. టిన్ను అయితే తీగ పట్టుకుని ఎత్తి మూల మీద దించుతారు, ఆ మూలలోనే అతుకు విడుతుంది. వాళ్లను తప్పు పట్టి లాభం లేదు. రాత్రికి వందల బస్తాలు మోసే భుజాలవి. సరుకే ఆ దెబ్బకు తట్టుకునేలా ఉండాలి. లేదా ఎత్తే సార్లు తగ్గాలి.

అందుకే హైదరాబాద్ సరుకును పార్సిల్ ఆఫీసులో వేయడం మానేయమంటాను. 500 కిలోలంటే పార్సిల్‌కు ఎక్కువ, బండికి తక్కువ. సరిగ్గా ఈ మధ్య బరువు దగ్గరే చిన్న వ్యాపారులందరూ నలిగిపోతారు. టాటా ఏస్ లాంటి చిన్న బండి సుమారు 750 కిలోలు లాగుతుంది. బొలెరో పికప్‌లో మోడల్‌ను బట్టి 1,200 నుంచి 1,700 కిలోల దాకా పడుతుంది. నరసరావుపేట నుంచి హైదరాబాద్ సుమారు 250 కిలోమీటర్లు. పికప్‌కు 10,000 రూపాయలు అడిగారనుకుందాం. మీ 500 కిలోలే వేస్తే కిలోకి 20 పడుతుంది, అది తలకు మించిన భారం. అదే బండిలో మరో ఇద్దరి సరుకు కలిసి 1,200 కిలోలైతే మీ వాటా 4,170 రూపాయల దగ్గర ఉంటుంది, అంటే కిలోకి ఎనిమిది రూపాయల చిల్లర.

పార్సిల్‌లో కిలోకి 5 రూపాయలే కదా అంటారు. మిగతావి కూడా కలపండి. 500 కిలోలకు కిరాయి 2,500. ఇక్కడి ఆటో 700, అక్కడి ఆటో 900, రెండు వైపులా హమాలీ 400. ఇప్పటికే 4,500. ఒక టిన్ను కారిపోయిందంటే కిలో 350 లెక్కన ఇంకో 5,250. అప్పుడు చేరిన కిలోకి దాదాపు 20 రూపాయలు పడింది. ఈ అంకెలు లెక్క చూపించడానికే వేశాను, మీ ఊరి రేట్లు వేసుకుని చూసుకోండి. ఎలా వేసినా కారిపోయిన ఒక్క టిన్ను కిరాయి మొత్తాన్ని మించిపోతుంది.

కలిసి పంపేవాళ్లు ఎక్కడ దొరుకుతారని అడుగుతారు. మీ చుట్టుపక్కల హైదరాబాద్‌కు కారం, పసుపు, పప్పులు, జొన్న రవ్వ పంపేవాళ్లు తప్పకుండా ఉంటారు. మీరు వెళ్లే షాపుల్నే అడగండి, "మా వైపు నుంచి మీకు ఇంకెవరు సరుకు వేస్తున్నారు" అని. వాళ్ల ఫోను నంబరు ఆ షాపులోనే దొరుకుతుంది. నెలకు మూడు తేదీలు ముందే ఖాయం చేసుకోండి. తేదీ ఖాయమైతే బండివాడు కూడా తగ్గుతాడు, ఎందుకంటే ఆ రోజు తిరుగు లోడు వెతుక్కోవచ్చు. హైదరాబాద్ నుంచి కిరాణా, ప్లాస్టిక్ సామాను వేసుకుని పల్నాడు వైపు వచ్చి ఖాళీగా తిరిగివెళ్లే బండ్లు ఉంటాయి. అవి దొరికితే ఇంకా చవక. యాప్‌లు కూడా వాడండి, కానీ ఒకసారి నచ్చిన డ్రైవరు నంబరు రాసి పెట్టుకోండి. నూనె ఎలా కట్టుకోవాలో తెలిసిన డ్రైవరు దొరకడం అదృష్టం. ఫిబ్రవరి నుంచి మే దాకా గుంటూరు యార్డుకు మిర్చి వచ్చే రోజుల్లో మాత్రం బండ్లకు గిరాకీ ఎక్కువ, వారం ముందే మాట్లాడుకోవాలి.

బండి మాట్లాడేటప్పుడు నాలుగు షాపులకు దించాలని ముందే చెప్పండి. చివర్లో చెబితే ప్రతి పాయింటుకూ అదనం అడుగుతారు, గొడవ. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, డ్రైవరు లైసెన్సు ఫొటోలు తీసుకోండి. పసుపు నంబరు ప్లేటు లేని బండిలో వేయకండి.

బెంగళూరు 150 కిలోలకు బండి గిట్టుబాటు కాదు. దానికి లారీ పార్సిలే దారి. నవత, వీఆర్ఎల్ లాంటి పెద్ద సంస్థలతో పాటు గుంటూరు, విజయవాడల్లో ఆ రూటు మీదే నడిపే చిన్న ట్రాన్స్‌పోర్టులు చాలా ఉన్నాయి. పేరు కంటే రూటు ముఖ్యం. బుకింగ్ గుమస్తాను ఒక్క ప్రశ్న అడగండి: "ఇక్కడ ఎక్కిన లారీ నేరుగా బెంగళూరులో దిగుతుందా, మధ్యలో క్రాసింగ్ ఉందా?" క్రాసింగ్ అంటే మధ్యలో ఇంకో గోడౌన్‌లో దించి వేరే లారీకి మార్చడం. మీరు నరసరావుపేటలో బుక్ చేయకుండా 45 కిలోమీటర్లు వెళ్లి గుంటూరులో నేరుగా వెళ్లే లారీకి వేస్తే, షాపు వాళ్లు పెద్ద గోడౌన్ నుంచే తెచ్చుకుంటే, పదిసార్లు కాస్తా ఆరుకు దిగుతుంది. బెంగళూరులో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు చాలావరకు కలాసిపాళ్యంలో ఉంటాయి. మీ షాపు అక్కడికి దగ్గరైతే గోడౌన్ డెలివరీ, దూరమైతే డోర్ డెలివరీ రాయించండి.

ఎల్‌ఆర్ (లారీ రసీదు) గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా కళ్లముందు చాలామంది నష్టపోయింది ఇక్కడే. లారీ రసీదు మీద విలువ రాసే గడి ఒకటి ఉంటుంది. చాలామంది అక్కడ ఖాళీ వదిలేస్తారు, లేదా తక్కువ వేస్తారు. రోడ్డు రవాణాకు 2007లో చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2011 నుంచి ఉన్నాయి. వాటి ప్రకారం మామూలుగా బుక్ చేసిన సరుకు పోయినా పాడైనా ట్రాన్స్‌పోర్టు వాళ్ల బాధ్యత కిరాయికి పది రెట్ల దాకానే, అది కూడా మీరు రాసిన విలువ మించకుండా. మీ బెంగళూరు సరుకు 52,500 విలువ అనుకుంటే, కిరాయి 900 అయితే, మొత్తం పోయినా 9,000 దగ్గర ఆగిపోతుంది. అంతకంటే కావాలంటే బుకింగ్ అప్పుడే ఎక్కువ విలువ చెప్పి, రిస్కు చార్జీ కట్టి రాయించుకోవాలి. కేసు వేయాలంటే కూడా బుకింగ్ చేసిన 180 రోజుల లోపల రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. ఫోనులో గొడవ పడితే అది నోటీసు కాదు.

ఏడాదికి ఒకసారి తీసుకునే ట్రాన్సిట్ ఇన్సూరెన్సు పాలసీ ఉంది, రోడ్డు మీద వెళ్లినా దాన్ని మెరైన్ పాలసీ అనే అంటారు. మీ టర్నోవరుకు అది తీసుకోవడం మంచిదే. కానీ ఒకటి గుర్తుంచుకోండి. లారీ బోల్తా పడితే, కాలిపోతే డబ్బు వస్తుంది. ప్యాకింగ్ సరిగా లేక కారిపోతే, మామూలుగా కారే నూనె తరుగుకు, ఏ పాలసీ ఇవ్వదు. కాబట్టి మీ అసలు బాధకు మందు ఇన్సూరెన్సు కాదు, ప్యాకింగే.

రెండో దెబ్బ డెలివరీ దగ్గర తగులుతుంది. మా దగ్గర నుంచి ఒక పచ్చళ్లావిడ బెంగళూరుకు 60 పెట్టెలు పంపారు. ఏడు పెట్టెల్లో సీసాలు పగిలాయి. షాపు కుర్రాడు గోడౌన్‌లో పెట్టెలు లెక్కపెట్టుకుని, ఎల్‌ఆర్ కాపీ మీద సంతకం పెట్టి తెచ్చేసుకున్నాడు. షాపుకు వెళ్లాక తడి చూశారు. క్లెయిము వేస్తే, "సరుకు సరిగా అందింది" అని సంతకం ఉంది కదా అని ట్రాన్స్‌పోర్టు వాళ్లు కొట్టేశారు. ఆ కాపీ నేను చూశాను, కింద సంతకం తప్ప ఒక్క మాట లేదు. ఆమెకు రూపాయి రాలేదు. అప్పటి నుంచి నా దగ్గర సరుకు వేసే ప్రతివాళ్లకూ ఒకటే చెబుతున్నాను. మీ షాపు వాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్పండి: సంతకం పెట్టే ముందు పెట్టెల అడుగు చేత్తో తడిమి చూడాలి. తడి తగిలితే అక్కడే ఫొటో తీసి, సంతకం పైన "3 పెట్టెలు తడిగా ఉన్నాయి, కారాయి" అని చేత్తో రాసి, తర్వాతే సంతకం. ఆ ఒక్క వాక్యం లేకపోతే క్లెయిము నిలబడటం కష్టం.

ఇక ప్యాకింగ్. మీరు పంపిన ఫొటోలో సీసాలు మూడు పొరల అట్టపెట్టెలో ఉన్నాయి, మధ్యలో అట్ట గడులు లేవు. లీటరు వేరుశనగ నూనె 910 గ్రాముల చిల్లర, పన్నెండు సీసాలు కలిపితే 11 కిలోలు, సీసా బరువు అదనం. దానికి అయిదు పొరల అట్ట తప్పనిసరి, మధ్యలో గడులు తప్పనిసరి. మూత కింద వేడితో అతికే అల్యూమినియం సీలు వేయిస్తే సగం సమస్య తీరిపోతుంది. చేత్తో పట్టుకుని వేసే మిషను కూడా దొరుకుతుంది. సీసా గొంతు దాకా నింపకండి. ఎండకు లారీలో నూనె వ్యాకోచిస్తుంది, మూత దగ్గర చోటు లేకపోతే అదే దారి వెతుక్కుంటుంది. టిన్నులకు విడిగా అట్ట తొడుగు వేసి, గోనె చుట్టి, రెండు వైపులా స్ట్రాప్ బిగించండి.

పంపే ముందు ఇంట్లో రెండు పరీక్షలు చేయండి. ప్రతి బ్యాచిలో నాలుగు సీసాలు పాత పేపరు మీద తలకిందులుగా పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున పేపరు మీద రూపాయి బిళ్లంత మరక ఉన్నా ఆ బ్యాచి మూతలు మళ్లీ చూడాలి. రెండోది, నింపిన పెట్టెను నడుము ఎత్తు నుంచి ఒకసారి అడుగు మీద, ఒకసారి మూల మీద పడేయండి. నాకు తెలిసి మనసుకు కష్టంగానే ఉంటుంది, మన చేత్తో చేసిన నూనె. కానీ గోడౌన్‌లో పడేది ఇంతకంటే గట్టిగానే పడుతుంది.

మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. నూనె బరువైన సరుకు. పార్సిల్, కొరియర్ వాళ్లు బరువు, పరిమాణం రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికే చార్జి వేస్తారు. పన్నెండు సీసాల పెట్టె 33, 25, 28 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ మూడూ గుణించి కొరియర్ వాళ్ల లెక్క ప్రకారం 5,000తో భాగిస్తే 4.6 కిలోలే వస్తుంది, అసలు బరువు 11కు పైనే. కాబట్టి పరిమాణం మీకు దెబ్బ కొట్టదు. వడియాలు, అప్పడాలు పంపేవాళ్లకు దీనికి తలకిందులుగా ఉంటుంది. 45, 45, 40 సెంటీమీటర్ల పెట్టెలో ఆరు కిలోల వడియాలు ఉన్నా 16 కిలోలకు కట్టాలి. లారీ పార్సిల్‌లో ఘనపుటడుగుకు 10 కిలోల లెక్క వేసేవాళ్ల దగ్గర అదే పెట్టె 28 కిలోలు దాటుతుంది. పికప్‌లో జోడీ వెతుక్కునేటప్పుడు అలాంటివాళ్లను కలుపుకోండి. కింద మీ టిన్నులు, పైన వాళ్ల వడియాలు. బండి బరువుతోనూ నిండుతుంది, ఎత్తుతోనూ నిండుతుంది, ఇద్దరికీ చవక.

కాగితాలు. ఒక బిల్లు విలువ జీఎస్టీతో కలిపి 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ వెబ్‌సైటులో తీసే కాగితం) కావాలి. మీ 500 కిలోలు నాలుగు షాపులకు నాలుగు బిల్లులైనా, దాటిన ప్రతి బిల్లుకూ తీయాలి. దాటకుండా ఉండాలని ఒక షాపు సరుకును రెండు బిల్లులుగా చీల్చకండి, దారిలో పట్టుకుంటే నిలబెట్టేస్తారు. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. హైదరాబాద్‌కు రెండు రోజులు, బెంగళూరుకు 600 కిలోమీటర్ల లోపు అయితే మూడు రోజులు. పార్సిల్ లారీకి వేసేటప్పుడు వాళ్ల ట్రాన్స్‌పోర్టరు ఐడీతో ఆ బిల్లులో పార్ట్ ఎ (సరుకు వివరాలు) నింపి ఇస్తే, లారీ నంబరు వాళ్లు పార్ట్ బిలో వేసుకుంటారు. అదే రాష్ట్రంలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు 50 కిలోమీటర్ల లోపు ఉంటే అక్కడి దాకా మీరు తీసుకెళ్లే బండికి పార్ట్ బి అక్కర్లేదు, గుంటూరు మీకు ఆ లోపే వస్తుంది. పికప్‌కు మాత్రం బండి నంబరు మీరే వేయాలి. ఇంకొకటి. మీరు కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం జీఎస్టీ కట్టే పద్ధతి) ఉంటే రాష్ట్రం దాటి అమ్మడానికి వీల్లేదు. హైదరాబాద్ మనకు పక్క ఊరిలా అనిపించినా పన్ను లెక్కలో అది వేరే రాష్ట్రం. మీ ఆడిటరును ఈ వారమే అడగండి. కిరాయి మీద 5 శాతం జీఎస్టీ మీరే కట్టాల్సి వస్తుందా, ట్రాన్స్‌పోర్టు వాళ్లే వేస్తున్నారా అన్నది కూడా అదే చేత్తో అడిగేయండి.

రైలు సంగతి. ఢిల్లీ, కోల్‌కతా లాంటి దూరాలకు రైల్వే పార్సిల్ నిజంగా చవక. కానీ మీ దూరాలకు కాదు. స్టేషను దాకా ఆటో, అక్కడ తూకం, ప్లాట్‌ఫాం, బోగీలోకి, దించి, మళ్లీ ఆటో. షాపు వాళ్లు టైముకు రాకపోతే వార్ఫేజ్, అంటే సరుకు స్టేషనులో ఉంచినందుకు చార్జి, పడుతుంది. విలువ ప్రకటించి అదనపు చార్జి కట్టకపోతే రైల్వే బాధ్యత కిలోకి 50 రూపాయలే. మీ నూనె కిలో 350. వద్దు.

చెన్నై నాలుగైదు పెట్టెలు మామూలు పార్సిల్‌లోనే వెళ్లనివ్వండి, కానీ సీసాలు మాత్రమే పంపండి, టిన్నులు వద్దు. హైదరాబాద్ షాపు నుంచి మధ్యలో అర్జంటుగా రెండు పెట్టెలు అడిగితే ఆర్టీసీ కార్గో ఉంది. రాత్రి వేస్తే పొద్దునకు అందుతుంది. నూనె తీసుకుంటారో లేదో డిపో కౌంటరులో ముందే అడగండి, లోపల ఏముందో దాచకండి. విడిగా ఇళ్లకు పంపే ఒకటి రెండు సీసాలకు స్పీడ్ పోస్టు సరిపోతుంది, 35 కిలోల దాకా తీసుకుంటారు.

ప్రైవేటు స్లీపరు బస్సుల డిక్కీలో, టాపు మీద మాత్రం ఎంత చవకైనా వేయకండి. రసీదు ఉండదు, ఈ-వే బిల్లు చూపించే దిక్కుండదు. అంతకంటే పెద్ద మాట, పైన మనుషులు నిద్రపోతుంటారు. 2025 అక్టోబరులో కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కాలిపోయినప్పుడు ఎంతమంది ప్రాణాలు పోయాయో మనమంతా చూశాం. ఆ బస్సులో సరుకు కింద సెల్‌ఫోన్లు కూడా ఉన్నాయి. మన సరుకు ఇంకొకరి ప్రాణం మీదికి రాకూడదు.

ఈ విడత చేయాల్సింది ఇది. మూతలకు సీలు, పెట్టెలకు గడులు వేయించండి. హైదరాబాద్ షాపులకు ఫోన్ చేసి జోడీ సరుకు అడగండి. బెంగళూరుది గుంటూరు తీసుకెళ్లి నేరు లారీకి, విలువ రాయించి వేయండి. బెంగళూరు షాపు ఏ ఏరియాలో ఉందో, లీటరు సీసా ప్లాస్టిక్కా గాజా రాయండి. గాజు అయితే పెట్టె లోపలి గడుల కొలత వేరుగా ఉంటుంది, అది విడిగా చెబుతాను.